గోడ గడియారం చూసి

పక్క కట్ట తెగిన వరదకు రెండేళ్లు నిండిన ఏడది. వానలు ఇంకా పట్టలేదు. ఆనకట్ట గేట్ల గదిలో ఉన్న పాత కంప్యూటరును అలాగే నడపాలా, దాని లోపల నడిచే వ్యవస్థను మార్చాలా తేల్చమని హెడ్డాఫీసు ఒక ఇంజనీరమ్మను పంపింది. మూడు రోజుల గడువిచ్చింది.

ఆమె వచ్చేసరికి గ్రీజు తాత మోకాళ్ల మీద కూర్చుని నాలుగో గేటు పళ్లచక్రానికి గ్రీజు పెడుతున్నాడు. గేట్ల గదిలో అందరూ ఆయనను అలాగే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రమే ఉంది.

"తాతా, ఆ కంప్యూటరు పెట్టెను లేపేది మీరేనట కదా?"

తాత తల ఊపాడు. చేతులు ముందు గోనెగుడ్డకు, తర్వాత పొడిగుడ్డకు, ఆ తర్వాత సొంత చొక్కాకు తుడుచుకున్నాడు. గ్రీజు చేతితో ఆ పెట్టెను ఎన్నడూ ముట్టుకోలేదు.

ముందు తెర స్విచ్చి వేశాడు. గాజు వెలిగేదాకా ఆగాడు. తర్వాత పెట్టె మీట నొక్కి కుడి పక్కన అరచెయ్యి ఆనించాడు. లోపల డిస్కు చేటలో గింజలు చెరిగినట్టు చప్పుడు చేసింది. చప్పుడు రాకపోతే అక్కడే ఒక్క దెబ్బ వేయాలి. రెండో దెబ్బ వేయకూడదు. ఈసారి దెబ్బ అవసరం పడలేదు. తెర మీద రహస్యపు మాట అడిగితే, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు మీద చకచకా ఏదో కొట్టాడు.

"లోపలికి పోయే మాట ఏంటి తాతా?"

"మాట తెలీదమ్మా. వేళ్లకు తెలుసు."

"అదేంటి?"

"నేర్పినాయన వేళ్లు పట్టుకుని నేర్పాడు. ఆయన పోయాడు."

తర్వాత తాత తల ఎత్తి గోడ గడియారం చూశాడు. తెరకు అంటించిన చీటీ ప్రకారం నెల, తేదీ, గంట, నిమిషం, సంవత్సరం కలిపి పది అంకెలు ఒక్కొక్కటే చూపుడువేలితో నొక్కాడు. మూడో క్లాసు దాకా చదివిన చదువులో అంకెలు బాగా మిగిలాయి.

"టైము చేత్తో పెడుతున్నారేంటి?"

"లోపల గడియారం బ్యాటరీ బిళ్ల చచ్చిపోయింది. ఆ బిళ్ల ఎక్కడా దొరకదు. కరెంటు పోతే ఇది ఏ ఏడో కూడా మర్చిపోతుంది." తాత గడియారం వంక మరోసారి చూసి, తెర మీద అంకెలు సరిచూసుకున్నాడు. "ఒక్క నిమిషం తేడా రానివ్వను."

అంత పొడుగు మాట ఆయన ఆ వారంలో ఎవరితోనూ మాట్లాడలేదు.

డ్యూటీలో ఉన్న లస్కరు గుమ్మం దగ్గర నిలబడి నవ్వాడు. బక్కోడని అతనికి పేరు. గేట్లు ఎత్తడం, దించడం అతని పని. "తాత మాట ఇంట్లో పెళ్లాం వినదు గానీ అమ్మా, ఈ పెట్టె వింటుంది."

తాత అతని వైపు చూడలేదు.

ఇంజనీరమ్మ పెట్టె మూత విప్పింది. దుమ్ము ఊదింది, పలకలు తీసి చూసింది, ఏదో రాసుకుంది. మధ్యాహ్నానికి తాతను పిలిచి, తన సంచీలోని చిన్న కంప్యూటరు మీద అంటించుకున్న బొమ్మలు చూపించింది.

"మూడు దారులున్నాయి తాతా. ఇప్పుడున్న పాతదాన్నే ఉంచడం ఒకటి. లేకపోతే ఈ పక్షి బొమ్మది. అదీ కాదంటే ఈ చేప బొమ్మది. పక్షిది మంచిదే, కానీ దానికి చోటు ఎక్కువ కావాలి. ఈ పెట్టెలో అంత జాగా లేదు. చేపది చిన్న ఇంట్లో సర్దుకుంటుంది. గేట్ల లెక్క రాసే ప్రోగ్రాము మాత్రం నేను మళ్లీ రాయాలి."

"నన్నడిగితే పాతదే."

"దాన్ని చేసిన కంపెనీయే లేదు ఇప్పుడు. ఎందుకు పాతది?"

"దాని రోగాలు నాకు తెలుసు."

"చేపది వేస్తే టైము కూడా తాత పెట్టక్కర్లేదా అమ్మా?" అన్నాడు బక్కోడు.

"అక్కర్లేదు. లైను మీద నుంచి అదే తెచ్చుకుంటుంది."

"అయితే తాతకు గ్రీజు డబ్బా ఒక్కటే మిగులుతుందన్నమాట."

తాత లేచి నాలుగో గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

సాయంత్రం హెడ్డాఫీసు నుంచి సూపరింటెండెంటు ఫోను చేశాడు. ఇంజనీరమ్మ విని, పెట్టేసి, బక్కోడికి చెప్పింది. "ఏదో ఒకటి కొత్తది వేసి, పాత డిస్కు పూర్తిగా తుడిచేసి, తుడిచినట్టు కాగితం రాసివ్వాలట. ఎల్లుండి పదకొండుకు ఆయనే వస్తారట." అంటూ గోడ వంక చూసి కంగారుగా సంచీ అందుకుంది. "అయ్యో, ఐదున్నర! బండి పోయినట్టే."

"కంగారు పడకండమ్మా, ఇంకా ఐదూ ఐదే. మా గోడ మీద కాలానికి తొందరెక్కువ," అన్నాడు బక్కోడు. "కట్ట చివర బండి దాకా నడక ఇరవై నిమిషాలు, చెప్పులు వెతుక్కోడానికి ఐదు. మా ముందువాళ్లెవరో అలా ముందుకు జరిపి పెట్టారు. గోడ మీద ఐదున్నర కాగానే లేచి నడవడమే. ఇన్నేళ్లలో ఒక్కడికి కూడా బండి తప్పలేదు."

ఆమె నవ్వి చెప్పులు వెతుక్కుంది.

*

తాత ఇంటికి రాగానే భార్య మూత పెట్టిన గిన్నె ఒకటి గడప మీద పెట్టింది. "ఇది మా తమ్ముడికి," అని గుమ్మానికి చెప్పింది. రెండేళ్లుగా ఆవిడ తాతతో చెప్పవలసింది గుమ్మానికో, పొయ్యికో, బిందెకో చెబుతుంది. తాత గిన్నె అందుకుని బయల్దేరాడు.

బావమరిది ఇల్లు దిగువ వరస చివర. దారిలో వరదకు ఇళ్లు పోయిన అరుగులు అలాగే ఉన్నాయి. పదకొండు మంది పోయింది అక్కడే. ఒక అరుగు మీద ఎవరో బట్టలు ఆరేశారు.

బావమరిది వాకిట్లో గోనె సంచులు కుడుతున్నాడు. కట్టకు ఇసుక మూటలు వేయడానికి ఆ సంచులు గేట్ల గదికే పోతాయి. వారానికోసారి తాత వచ్చి మోసుకుపోతాడు. వరద రోజున గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న లస్కరు ఇతనే. విచారణ అయ్యాక ఉద్యోగం తీసేశారు.

"బావా, ఆ పెట్టె మార్చేస్తున్నారటగా."

"ఎవరు చెప్పారు?"

"బక్కోడు, సంత దగ్గర." దబ్బనం గోనెలో దూరి అవతల తేలింది. పురికొస లాగి, పంటితో తెంపాడు. "పోనీలే. దాంతోపాటే పీడా పోతుంది."

తాత సంచులు దొంతర పెడుతున్నాడు.

"నాకైతే ఫోను పెట్టేసి లేచినట్టే గుర్తు. మెట్లు దిగి పరుగెత్తినట్టే గుర్తు. కానీ పెట్టె అబద్ధం చెప్పదు కదా బావా. హెడ్డాఫీసు పుస్తకంలో గేటు ఎత్తమని ఫోను చేసింది మూడూ పదికి. కట్ట తెగింది మూడూ ఇరవైకి. పెట్టెలో గేటు లేచింది మూడూ నలభైకి. మధ్యలో అరగంట ఏమైంది? కునుకే పట్టుంటుంది."

"ఇదిగో, మళ్లీ మొదలు," లోపల్నుంచి అతని భార్య వచ్చి గిన్నె అందుకుంది. "పట్టపగలు, ఆ హోరు వానలో, ఎవడికి పడుతుంది కునుకు? మీరైనా చెప్పండన్నయ్యా."

"మరి అరగంట ఎక్కడికి పోయిందే? నువ్వేమన్నా కొంగున ముడేసుకున్నావా?"

"నీ మొహం."

"మొదట్లో నిద్రపోలేదు, నిద్రపోలేదు అని అరిచాను. అందరూ పోయావంటుంటే ఒక్కడిని ఎంతకాలం అరుస్తాను? కళ్లు మూస్తే ఇప్పుడు నాకే కనపడుతోంది, కుర్చీలో తల వాల్చినట్టు." అతను కొత్త సంచీ తీసి మోకాలి మీద పరుచుకున్నాడు. "విచారణలో నువ్వు ఉన్నమాటే చెప్పావు బావా. నాకు కోపం లేదు. అక్కకే."

అతని భార్య బిందె తీసుకుని కుళాయికి వెళ్లింది. ఆమె దగ్గరికి రాగానే అక్కడున్న ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె చిట్టచివర నిలబడింది.

తాత సంచుల కట్ట భుజానికెత్తుకున్నాడు.

*

రెండో రోజు ఇంజనీరమ్మ పాత డిస్కు ఊడదీసి తాత చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. తాత దాన్ని తువ్వాలులో చుట్టి అలమరలో పెట్టాడు. ఆమె దాని చోట తను తెచ్చిన డిస్కు బిగించింది.

"ముందు దీంట్లో వేసి చూద్దాం. కుదిరితేనే చేపది ఖాయం. టైము పెట్టండి తాతా, మీ చేత్తో."

తాత గోడ వంక చూసి పది అంకెలు నొక్కాడు.

తర్వాత చాలాసేపు తెర మీద వరసలు కిందికి పాకాయి. ఆమె అడిగినదానికల్లా జవాబు కొడుతూ కూర్చుంది. తాత పక్కన స్టూలు మీద, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. డిస్కు చప్పుడు వేరుగా ఉంది. సన్నగా, ఏ తగులూ లేకుండా తిరుగుతోంది. దీనికి దెబ్బ అక్కర్లేదని ఆయనకు తెలిసిపోయింది.

చివర్లో ఒక వరస వచ్చి ఆగిపోయింది. ఇంజనీరమ్మ చదివి పకపకా నవ్వింది.

"చూశారా తాతా, కొత్త కోడలు రాగానే మిమ్మల్ని తప్పు పడుతోంది. టైము తప్పుగా ఉన్నట్టుంది, మార్చమంటారా అని అడుగుతోంది. ఇరవై ఐదు నిమిషాలు ముందుందట." గోడ వంక చూపించింది. "అవును మరి, ఆ గడియారం చూసి పెట్టారుగా! బండి గడియారం!"

బక్కోడు కూడా నవ్వాడు. "కోడలు గట్టిదే."

తాత నవ్వలేదు. తెర వంక, గోడ వంక, మళ్లీ తెర వంక చూశాడు. ఆమె బటను నొక్కింది. తెర మీద పదకొండున్నర పోయి పదకొండూ ఐదు వచ్చింది.

"తాతా? ఊరికే అన్నాను, కోపమా?"

తాత లేచి బయటికి నడిచాడు. నాలుగో గేటు దగ్గర గ్రీజు డబ్బా తీసి, నిన్న గ్రీజు పెట్టిన చక్రానికే మళ్లీ పెట్టసాగాడు. కింద నీళ్లు తక్కువగా ఉన్నాయి. నలభైలోంచి ఇరవై ఐదు తీసేశాడు. మూడో క్లాసు చదువుకు ఆ తీసివేత పెద్దది కాదు. అయినా వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాడు. పదిహేను వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేనే.

మూడూ పదికి ఫోను. మూడూ పదిహేనుకు గేటు. ఆ కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి, చక్రం దాకా పరుగెత్తడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

విచారణ జరిగింది హెడ్డాఫీసులో. అక్కడి గోడ గడియారం వేరు. పెట్టెలో టైము నమ్మవచ్చా అని విచారణ చేసే పెద్దాయన అడిగాడు. బావమరిది ఎదుట బల్లకు అవతల నిలబడి ఉన్నాడు. "రోజూ నేనే పెడతానండి. ఒక్క నిమిషం తేడా రాదు," అన్నాడు తాత. పెద్దాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. దేన్ని చూసి పెడతావని అడగలేదు. తాత చెప్పలేదు. ఆ గడియారం ముందుందన్న సంగతి గేట్ల గదిలో అందరి కాళ్లకూ తెలుసు. ఎవరి నోటికీ రాలేదు.

గ్రీజు చక్రం పళ్లలోంచి పొంగి కిందికి కారింది.

రేపు పదకొండుకు పాత డిస్కు తుడిచేస్తారు. అప్పటిదాకా ఏమీ మాట్లాడకపోతే చాలు. మాట్లాడకపోవడం ఆయనకు కొత్త కాదు.

బండి వేళకు తాత ఇంజనీరమ్మ దగ్గరికి వచ్చాడు. ఈసారి చేతులు తుడుచుకోలేదు.

"అమ్మా, ఏ రోజు ఎప్పుడు నేను టైము పెట్టానో, పాతదాంట్లో రాసుంటుందా?"

"ఉంటుంది. ఆ జాతి యంత్రాలు లేచినా రాసుకుంటాయి, పడుకున్నా రాసుకుంటాయి, టైము మార్చినా రాసుకుంటాయి. ఎందుకు?"

"రేపు పొద్దున దాన్ని ఒక్కసారి లేపాలి."

*

మూడో రోజు పాత డిస్కు మళ్లీ బిగించారు. మీట నొక్కితే చప్పుడు రాలేదు. తాత ఒక దెబ్బ వేశాడు. రాలేదు. రెండో దెబ్బ వేయకూడదు. అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తాత రెండో దెబ్బ వేశాడు. లోపల చేట చెరిగింది.

తెర అడిగింది. తాత వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లి ఆగిపోయాయి. ఎన్నడూ ఆగని వేళ్లు. కొట్టాడు, తప్పన్నది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తప్పన్నది.

"వదిలేయండి తాతా, ఇంకో దారి చూద్దాం."

"లేదు." తాత కళ్లు మూసుకున్నాడు. చనిపోయినాయన తన వేళ్లను పట్టుకుని నొక్కించినట్టే, మెల్లగా, ఒక్కొక్కటే నొక్కాడు. పెట్టె లోపలికి రానిచ్చింది.

వరద వచ్చిన తేదీ ఆయన చెప్పాడు. ఆమె వెతికింది. చాలా వరసలు దాటాక వేలు పెట్టి చూపింది.

"ఇదిగో. ఆ పొద్దున కరెంటు వచ్చి యంత్రం లేచింది. లేచినప్పుడు దానికి ఏ ఏడో తెలీదు. వెంటనే చేత్తో టైము పెట్టారు, ఆరూ ముప్పై ఐదు అని. ఆ రోజంతా మళ్లీ ఎవరూ మార్చలేదు." ఆమె గొంతు తగ్గింది. బక్కోడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. అతను నవ్వడం లేదు. "తాతా, విచారణలో చూసింది ఈ లెక్కేనా?"

"ఇదే."

"కరెంటు ఎప్పుడు ఇచ్చారో కరెంటు ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది." ఆమె ఆ వరసలు అచ్చు తీసి, కింద తన పేరు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. తాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు. మడతల మీద గ్రీజు వేలిముద్రలు పడ్డాయి.

పదకొండుకు సూపరింటెండెంటు వచ్చాడు. "ఏది వేశారమ్మా?"

"కొత్త డిస్కులో చేపది వేశానండి. బాగా నడుస్తోంది. పాత డిస్కు మాత్రం తుడవలేదు. తుడవకూడదని రాస్తాను."

"ఎవరు తుడవొద్దన్నారు?"

"నేనండి," అన్నాడు తాత.

సూపరింటెండెంటు ఆయనను ఎన్నడూ చూడనట్టు చూశాడు. "నువ్వా? నిమిషం తేడా రాదని విచారణలో చెప్పింది నువ్వే కదా?"

"అవునండి."

"మరి?"

"గోడ గడియారానికి రాదండి."

సూపరింటెండెంటు తల గోడ వైపు తిరిగింది. తర్వాత చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన కూడా చిన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ గదిలోంచే బండికి నడిచినవాడు. మూడూ పదిహేనుకే గేటు లేస్తే, కట్ట తెగడానికి పది నిమిషాల ముందు దాకా హెడ్డాఫీసులో ఫోను చేయనిదెవరన్న ప్రశ్న మిగులుతుంది. అది ఆయన మొహంలో కనపడింది.

"సర్వీసు ఇంకా ఎన్నాళ్లుంది నీకు?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు నోరు మూసుకుని గ్రీజు పెట్టుకోలేవా? నోరు మూసుకోవడం నీకు అలవాటేగా."

"ఆ అలవాటే కొంప ముంచిందండి."

సూపరింటెండెంటు చెయ్యి చాచాడు. ఇంజనీరమ్మ డిస్కు ఊడదీసి, ముట్టినట్టు ఆయన చేత సంతకం పెట్టించుకున్నాకే ఇచ్చింది. "నా బీరువాలో భద్రంగా ఉంటుంది," అన్నాడాయన. గుమ్మం దాటుతూ బక్కోడితో అన్నాడు. "రేపు పొద్దున రాగానే ఆ గడియారం సరిచెయ్యి. ఆఫీసన్నాక టైము సరిగ్గా ఉండాలి."

*

మర్నాడు తెల్లవారగానే తాత బయల్దేరుతూ గడప దగ్గర ఆగాడు. భార్య పొయ్యి దగ్గర ఉంది.

"మీ తమ్ముడు నిద్రపోలేదు," అన్నాడు.

ఆవిడ పొయ్యి వైపు చూడలేదు, గుమ్మం వైపు చూడలేదు. ఆయన మొహంలోకే చూసింది.

"ఆ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు," అంది.

గేట్ల గదిలో బక్కోడు స్టూలు వేసుకుని అప్పుడే ఎక్కబోతున్నాడు.

"ముట్టుకోకు."

"తాతా, ఆయన నా ఉద్యోగం ఊడబీకుతాడు."

"నువ్వు వచ్చేసరికే నేను తీసుకుపోయానని చెప్పు."

బక్కోడు స్టూలు దిగి, దాన్ని కాలితో తాత వైపు నెట్టాడు. తాత ఎక్కి మేకు మీద నుంచి గడియారం దించాడు. దాని వెనక గోడ మీద గుండ్రంగా, తెల్లగా మచ్చ మిగిలింది. తువ్వాలులో చుట్టబోయి మానుకున్నాడు. ముల్లు కదులుతుందేమోనని రెండు చేతులా నిలువుగా పట్టుకుని కట్ట మీద నడిచాడు.

బావమరిది వాకిట్లో సంచీ కుడుతున్నాడు. తాత గడియారాన్ని అతని ఒళ్లో పెట్టాడు.

"టైమెంత?"

"ఇదేంటి బావా? ఇది మన..."

"టైమెంత?"

"ఎనిమిదీ ఐదు."

"అమ్మా, మీ ఇంట్లో ఎంత?"

"ఏడూ నలభై అన్నయ్యా," లోపల్నుంచి జవాబు వచ్చింది.

"పెట్టెకు టైము పెట్టింది నేను," అన్నాడు తాత. "ఆ రోజు కూడా. దీన్ని చూసి."

బావమరిది చేతిలో దబ్బనం ఆగిపోయింది. గడియారం టిక్కుటిక్కుమంటోంది. అతని పెదవులు కదిలాయి. లెక్కపెట్టుకుంటున్నాడు. తాత దెబ్బకు సిద్ధపడ్డట్టు నిలబడ్డాడు.

చాలాసేపటికి అతను తల ఎత్తాడు.

"అయితే నేను పరుగెత్తానా బావా?"

"పరుగెత్తావురా."

అతని భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావమరిది దబ్బనాన్ని సగం కుట్టిన సంచీలో గుచ్చి పక్కన పెట్టాడు.

తాత జేబు తడిమి కాగితం చూసుకున్నాడు. గడియారం మళ్లీ అందుకున్నాడు. "ముందు కరెంటు ఆఫీసుకు పోతాను. తర్వాత హెడ్డాఫీసుకు, ఆ పెద్దాయన దగ్గరికి."

"ఉండు, చెప్పులు వేసుకొస్తా."

చెప్పులు గోనెల కింద ఎక్కడో ఉన్నాయి. వెతకడానికి కొంతసేపు పట్టింది. తాత ఆగాడు.

ఇద్దరూ దిగువ వరస మీదుగా నడిచారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఎప్పటిలాగే బిందెలు పక్కకు జరుపుకున్నారు. తాత అక్కడ ఆగి, గడియారాన్ని వాళ్ల వైపు తిప్పి పట్టుకుని నిలబడ్డాడు.